తీటా బదులు 'హెటా' వస్తోందా? ముందు ఒక ఆర్ పెట్టి చూడండి

మాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) గ్రాఫ్ లేబుల్‌కి గ్రీకు అక్షరం సిగ్మా బానే వస్తోంది గానీ తీటా రాస్తే 'హెటా' ముక్క మాత్రం మిగులుతోంది, లేటెక్ (గణిత సూత్రాలు అందంగా టైప్ చేసే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసుకోవాలా అని ఒకరు అడిగారు, అస్సలు అక్కర్లేదండి. లేబుల్ మాట్‌ప్లాట్‌లిబ్ దాకా వెళ్ళకముందే పైథాన్ దాన్ని కొరికేస్తోంది. ఈ గుర్తుల పేర్లకి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి ఇంగ్లీషులో రాస్తాం కదా, ఆ బ్యాక్‌స్లాష్ పక్కన టీ కనబడితే పైథాన్‌కి అది ట్యాబ్, ఇంక మిగిలేది హెటానే. గ్రీకు అక్షరం న్యూ రాస్తే కొత్త లైన్ అయిపోద్ది, భిన్నం కోసం ఫ్రాక్ రాస్తే ఎఫ్ ఎగిరిపోయి ర్యాక్ మిగులుద్ది. సిగ్మా ఎలా బతికిందంటే బ్యాక్‌స్లాష్ ఎస్‌కి పైథాన్‌లో వేరే అర్థం లేదు, అదృష్టం అంతే (పైథాన్ 3.12 నుంచి దానికీ కనబడేలా వార్నింగ్ ఇస్తోంది లెండి).

కొటేషన్‌కి ముందు ఖాళీ వదలకుండా చిన్న ఆర్ (r) పెట్టండి, అప్పుడు పైథాన్ బ్యాక్‌స్లాష్‌ల జోలికి పోదు; గణితం ముక్కకి రెండు వైపులా ఉండే డాలర్ గుర్తులు అలాగే ఉంచండి, పనైపోద్ది.

లేబుల్‌లో వేరియబుల్ విలువ కూడా చూపించాలంటే ఆర్, ఎఫ్ రెండూ కలిపి పెట్టాలి, అప్పుడు ఫ్రాక్‌కి ఉండే ఫ్లవర్ బ్రాకెట్లు డబుల్ చెయ్యాలి, వేరియబుల్‌కి మాత్రం సింగిలే. ఇది తెలీక నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకుని కూర్చున్నా.

మాట్‌ప్లాట్‌లిబ్‌లో యూజ్‌టెక్స్ అనే సెట్టింగ్ మాత్రం ఊరికే ఆన్ చెయ్యకండి, దానికి నిజంగానే లేటెక్ కావాలి, పైగా నెమ్మది. మ్యాట్రిక్స్ లాంటివి రాయాల్సొస్తే అప్పుడు చూడొచ్చు. అక్షరాలు లేటెక్ పేపర్లలోలా కనబడితే చాలనుకుంటే మ్యాథ్‌టెక్స్ట్ ఫాంట్‌సెట్ అనే సెట్టింగ్‌ని 'cm' (కంప్యూటర్ మోడర్న్ ఫాంట్) అని మార్చుకోండి.