జంకేవాడి కోసం మాట్లాడు

విజయవాడ

తమ్ముడూ,

గుంటూరులో మీ కాలేజీ రక్తదాన శిబిరానికి ముందు 7 నిమిషాలు మాట్లాడమన్నారని, మంచి ఎత్తుగడ కోసం వెతుకుతున్నావని రాశావు. ఎత్తుగడ సంగతి తర్వాత. ముందు చివరి వాక్యం రాయి. విన్నవాళ్లు ఏం చేయాలి, ఎక్కడ, ఎప్పుడు? "రక్తదానం మహాదానం" అంటే చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు. "శనివారం పొద్దున 9 గంటలకు టిఫిన్ చేసి సెమినార్ హాలుకు రండి" అంటే, వెళ్లాలా వద్దా అని ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సి వస్తుంది. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడ బెజవాడలో సమావేశమై ఏం అడిగిందో చూడు: జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు. గుమ్మంలో నిలబడి ఏం అడగాలో కార్యకర్తకు వేరే చెప్పక్కర్లేదు.

ఇచ్చేవాళ్లు నువ్వు చెప్పకపోయినా ఇస్తారు. ససేమిరా అనేవాళ్లు 7 నిమిషాల్లో మారరు. మనసులో ఉండి కూడా జంకేవాడు ఒకడుంటాడు, ప్రసంగమంతా వాడికోసం. హాస్టల్లో నలుగురైదుగుర్ని కదిపి వాళ్ల భయాలు వాళ్ల మాటల్లోనే రాసుకో: "నీరసం వస్తుందట", "ఇంట్లో తిడతారు".

మొదటి రెండు నిమిషాలూ అవసరం చెప్పు. తలసేమియా అనే రక్తపు జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎండాకాలం కాలేజీలు మూస్తే శిబిరాలు తగ్గుతాయి, ఆ పిల్లల అవసరం మాత్రం తగ్గదు. ఇది చాలు, ఇంకో పది లెక్కలు చేర్చకు.

తర్వాత ఆ భయాలు ఎత్తుకో. వెటకారం చేయకుండా, వాడే అడిగినట్టు అడుగు. జవాబు సూటిగా ఉండాలి: పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది, సాధారణంగా తీసేది 350 మిల్లీలీటర్లు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది. ఎర్రకణాలకు మాత్రం వారాలు పడుతుంది, అందుకే మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ఈ సంగతి దాచకు. "ఏమీ కాదు" అని కొట్టిపారేస్తే, కిందటిసారి కళ్లు తిరిగి కూర్చుండిపోయిన స్నేహితుణ్ణి చూసినవాడు అక్కడితో నిన్ను నమ్మడం మానేస్తాడు. 18 ఏళ్లు నిండనివాళ్లు, 45 కిలోల లోపు బరువున్నవాళ్లు ఇవ్వకూడదనీ చెప్పు. ఈ భాగాన్ని చివర పెట్టకు, అనుమానం మోసుకుంటూ బయటికి పోతారు.

ఇక వాక్యం. నీ కథల్లో వాక్యాలు పొడుగు, కాగితం మీద బాగుంటాయి. కానీ తెలుగులో క్రియ చివర వస్తుంది. ఇవ్వమన్నావో వద్దన్నావో అక్కడికొచ్చేదాకా తెలియదు. కొత్తగా మాట్లాడేవాళ్లకు సరిగ్గా అక్కడే ఊపిరి అయిపోయి గొంతు దిగిపోతుంది. "ఇవ్వచ్చు", "ఇవ్వకూడదు" రెండూ వెనక బెంచీకి ఒకేలా వినిపిస్తాయి. పన్నెండు మాటలు దాటిన వాక్యాన్ని విరువు. చివరి మాటను ఒత్తి పలికి, క్షణం ఆగు.

నింపాదిగా మాట్లాడితే నిమిషానికి నూరు మాటలు, కాస్త అటూ ఇటూ. కాబట్టి మధ్యలో ఆగే క్షణాలు పోను 600 మాటలు రాసి, గడియారం పెట్టుకుని నిలబడి, గొంతెత్తి చదువు. బట్టీ పట్టకు, ఒక్క మాట మరిస్తే మొత్తం తెగిపోతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు మాత్రం కంఠతా రావాలి. మిగతాదానికి పోస్టుకార్డంత అట్టముక్కలు ఐదు, ఒక్కోదాని మీద నాలుగు మాటలు, మూలన నంబరు. పల్చటి కాగితాలైతే వేదిక మీది ఫ్యాను గాలికి ఎగిరిపోతాయి. ముందు మాట్లాడినవాళ్లు సమయం తినేసి నీకు 3 నిమిషాలే మిగిల్తే రెండో అట్ట, నాలుగో అట్ట వదిలెయ్. ముందురోజే వాటి మీద గుర్తు పెట్టుకో.

వేదిక మీది పెద్దలను ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలవక్కర్లేదు, "పెద్దలకు, మిత్రులకు నమస్కారం" చాలు. మైకు నోటికి బెత్తెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచు. ఎదురుగా ఉంటే ప, భ అన్నప్పుడల్లా టప్‌మని కొడుతుంది.

పేర్లు రాసుకునే కాగితాలు నువ్వు లేవకముందే వరసకొకటి చొప్పున చేరాలి, ప్రతిదానికీ పెన్ను కట్టి. నీ చివరి వాక్యం అయ్యీ అవ్వగానే అవి చేతులు మారాలి. తలుపు దగ్గర బల్ల మీద పెడితే సగంమంది దాటుకుని వెళ్లిపోతారు.

ఇట్లు,
అన్నయ్య