మూజువాణిలోని ‘వాణి’ ఎవరిది?

సందేహం: ‘సమయం చాలక మిగిలిన పద్దులను గిలెటిన్ చేసి మూజువాణి ఓటుతో ఆమోదించారు’ అని బడ్జెట్ వార్తల్లో చదువుతుంటాను. గిలెటిన్ అంటే మూజువాణితో ముగించడమేనా? ‘వాణి’ సంస్కృత పదమేనా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాదు

సమాధానం: రెండో ప్రశ్నను ముందుగా తీసుకుంటాను. ‘వాణి’ అనగానే సరస్వతి స్ఫురించడం సహజమే కాని, ఈ మాట పుట్టుక వేరు. హిందూస్థానీలో ‘ముహ్’ అంటే నోరు, ‘జబాన్’ అంటే నాలుక. ‘ముహ్ జబానీ’ అంటే కాగితం మీద పెట్టకుండా నోటిమాటగా అని అర్థం. అది తెలుగువారి నోట నలిగి మూజువాణి అయింది. సభ్యులు నోటితో అవుననో కాదనో చెప్పే ఓటే మూజువాణి ఓటు. మనకు అలవాటైన ‘వాణి’ ప్రభావమే చివరి ‘ణి’కి కారణమని నా అభిప్రాయం. హాజరు, రద్దు, వాయిదా కూడా ఉర్దూ మీదుగా వచ్చినవే. వీటిని తీసేస్తే శాసనసభ వార్త ఒక్కటీ రాయలేము. కనుక మూజువాణిని సంస్కరించి ‘వాగ్మతం’ వంటి మాటలు కల్పించనక్కరలేదు.

గిలెటిన్ సంగతి వేరు. ఫ్రాన్సులో 1792 నుంచి మరణశిక్షకు వాడిన యంత్రం పేరది. బ్రిటిష్ కామన్స్ సభలో 1887లో ఐర్లండుకు సంబంధించిన నేరచట్టం బిల్లుపై చర్చను ముందే నిర్ణయించిన వేళకు తెంచివేశారు. అలా తెంచడానికి ఈ పేరు స్థిరపడింది. మన లోక్‌సభ నియమావళిలోని 208వ నియమం ప్రకారం, పద్దులకు, అంటే శాఖల ఖర్చుకు సభ ఆమోదం కోరే ప్రతిపాదనలకు, కేటాయించిన రోజుల్లో చివరినాటి సాయంత్రం 5 గంటలకు గాని, స్పీకరు ముందుగా నిర్ణయించిన మరో వేళకు గాని, మిగిలిన పద్దులన్నింటినీ వెంటనే ఓటుకు పెట్టాలి. ఎవరి ప్రసంగం మిగిలి ఉన్నా గడువుదే పైచేయి. అయితే వేటు పడేది చర్చ మీదే, ఓటు మీద కాదు. ఆ ఓటు మూజువాణిగానే జరగాలని కూడా లేదు. స్పీకరు ప్రకటించిన ఫలితాన్ని సభ్యులు ప్రశ్నిస్తే డివిజన్‌కు, అంటే ఓట్ల లెక్కింపుకు, వెళ్లవచ్చు.

అందువల్ల ‘ఓటింగును గిలెటిన్ చేశారు’ అనడం తప్పు. ‘పద్దులను గిలెటిన్ చేశారు’ అనేది సభా పరిభాషలో చెల్లుతుంది గాని, తెలియని పాఠకుడికి పద్దులే రద్దయ్యాయని తోస్తుంది, అది నన్ను నిజంగా బాధిస్తుంది. ‘గడువు తీరడంతో మిగిలిన పద్దులను చర్చ లేకుండా ఓటుకు పెట్టారు, సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది’ అని రాస్తే ఏది ఆగిందో, ఏది జరిగిందో విడివిడిగా తెలుస్తుంది.