న్యాయ సలహా: కుదిరిన బేరాన్ని చెడగొడితే…

ప్రశ్న: మాది గుంటూరు. ఒక హోటల్‌కు ఏడాదిపాటు మసాలా పొడులు సరఫరా చేసేలా ఒప్పందం రాసుకున్నాం. ఐదో నెలలో మరో వ్యాపారి వెళ్లి, ‘వాళ్ల సరుకు ఆపేయండి, గొడవైతే ఖర్చు నేను భరిస్తా’ అని చెప్పి మాన్పించాడు. అతనిపై దావా వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అతనితో మీకు ఒప్పందం లేకపోయినా ఫర్వాలేదు. 1853లో ఇంగ్లండులో లమ్లీ, గై కేసుతో స్థిరపడిన ఈ సూత్రాన్ని మన కోర్టులూ పాటిస్తాయి. థియేటర్ నడిపే లమ్లీ దగ్గర పాడతానని ఒప్పుకున్న గాయని యోహన్నా వాగ్నర్‌ను గై ఎక్కువ డబ్బిస్తానని తన థియేటర్‌కు లాగాడు. అది తప్పేనని కోర్టు తేల్చినా, చివరి విచారణలో గై గెలిచాడు. ఆ ఒప్పందం చెల్లదని అతను నిజంగానే నమ్మాడని జ్యూరీ భావించింది. మీ కేసూ ఇక్కడే నిలబడాలి: ఒప్పందం ఉందని ఆ వ్యాపారికి తెలుసని రుజువు చేయాలి. ‘గొడవైతే ఖర్చు నేను భరిస్తా’ అన్న మాట వాట్సాప్‌లో ఉంటే బలమైన సాక్ష్యం. ఫోన్ మార్చకండి. ప్రింట్లతోపాటు, అవి ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

ముందు మీ ఒప్పందం మళ్లీ చదవండి. ‘నెల నోటీసుతో రద్దు చేసుకోవచ్చు’ అని ఉండి, హోటల్ ఆ నోటీసు ఇచ్చే ఆపి ఉంటే ఉల్లంఘనే లేదు, దావా నిలవదు.

చాలామంది దెబ్బతినేది గడువు దగ్గర. ఒప్పందం తప్పిన హోటల్‌పై దావాకు మూడేళ్లు ఉంటుంది. తప్పించిన వ్యాపారిపై మాత్రం 1963 లిమిటేషన్ చట్టం 78వ ఆర్టికల్ ప్రకారం, ఉల్లంఘన జరిగిన రోజు నుంచి ఒక్క ఏడాదే. లాయర్ నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు ఆగదు. రాజీ మాటలు నడుస్తున్నా తేదీ లెక్కపెట్టుకుంటూనే ఉండండి.

పరిహారం అడిగేటప్పుడు మిగిలిన నెలల అమ్మకాల మొత్తం వేయకండి. ముడిసరుకు, ప్యాకింగ్, రవాణా ఖర్చులు తీసేసిన లాభమే మీ నష్టం. ఆ సరుకు వేరేవాళ్లకు అమ్మి ఉంటే ఆ లాభమూ తగ్గించాలి. జీఎస్టీ రిటర్నులు, పాత బిల్లులు దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: మానేశాక రెండేళ్లు పోటీదారు దగ్గర చేరనని మా వంట మాస్టర్ రాసిచ్చాడు. మానేసి వెంటనే అక్కడే చేరాడు. ఆపగలమా?

జవాబు: ఆ షరతు 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. చెల్లని షరతును తప్పించాడని పోటీదారుపైనా వెళ్లలేరు. మీ రహస్య ఫార్ములా కాగితాలు పట్టుకెళ్లాడంటే మాత్రం వాటిని వాడకుండా ఆపే కోర్టు ఉత్తర్వు (ఇంజంక్షన్) అడగొచ్చు.