మామిడి తోట పక్కన ఇటుక బట్టీ: పొగ కంటే ముందు దూరాన్ని కొలిపించండి

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలోని ఒక గ్రామం. 2012లో నాటిన నాలుగెకరాల మామిడి తోట ఉంది. తోటకు సుమారు 700 మీటర్ల దూరంలో 2017 నుంచి చిమ్నీ లేని ఇటుక బట్టీ ఒకటి నడుస్తోంది. 2023 డిసెంబరులో వేరొకరు తోటకు 350 మీటర్ల దూరంలో చిమ్నీ కట్టి బొగ్గుతో కాల్చే మరో బట్టీ పెట్టారు. రెండు బట్టీల మధ్య అర కిలోమీటరు కూడా లేదు. కొత్త బట్టీ చిమ్నీ నలభై అడుగులకు మించదు. నిప్పు పెట్టే రోజుల్లో పాత టైర్లు కూడా వేస్తున్నారు. ఆకుల మీద మసి పేరుకుంటోంది, కాయల చివర్లు నల్లబడి రాలిపోతున్నాయి. మా అమ్మకు ఆయాసం ఎక్కువైంది. అడిగితే ‘పంచాయతీ తీర్మానం ఉంది, పొల్యూషన్ బోర్డు అనుమతి ఉంది, ఎక్కడైనా చెప్పుకోండి’ అంటున్నారు. పొగ ఆపించడానికి, నష్టం రాబట్టుకోవడానికి దారేమిటి?

జవాబు: మీలాంటి వారు సాధారణంగా పొగ ఫొటోలతో కార్యాలయానికి వెళ్లి, ‘ఇంత నల్లటి పొగ కనబడుతుంటే ఇంకేం సాక్ష్యం కావాలి’ అని అడుగుతారు. న్యాయంగా చూస్తే ఆ ప్రశ్నలో తప్పు లేదు కానీ, చట్టం దృష్టిలో పొగ ఎంత నల్లగా ఉందన్నది కాదు, అందులో ధూళి కణాలు ఎంత ఉన్నాయన్నది లెక్క. 2022 ఫిబ్రవరి 22న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పర్యావరణ పరిరక్షణ నిబంధనలను సవరించి ఇటుక బట్టీలకు నిర్ణయించిన పరిమితి ప్రకారం, చిమ్నీ నుంచి వెలువడే గాలిలో ధూళి కణాలు ఘనపు మీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ కొలత తీయవలసింది కాలుష్య నియంత్రణ మండలి అధికారులు. అందుకు చిమ్నీకి రంధ్రం, నిలబడి నమూనా తీసుకోవడానికి వేదిక శాశ్వతంగా ఉండాలి. బొగ్గును పెద్ద మొత్తంలో ఒకేసారి గుమ్మరించినప్పుడు అది సరిగా మండక నల్లటి పొగ లేస్తుంది, వేయడం కాసేపు ఆపితే పలచబడుతుంది. తనిఖీ బండి ఊరి పొలిమేర దాటేలోగా ఆ జాగ్రత్త తీసుకోవడం ఎవరికైనా తెలిసిన పనే. పైగా మీ పాత బట్టీకి చిమ్నీయే లేదు కాబట్టి, అక్కడ నమూనా తీసే ప్రసక్తే లేదు.

మరో సంగతి కూడా చూడండి. మీ కాయల మీద ప్రభావం చూపగల సల్ఫర్ డయాక్సైడ్, ఇథిలీన్ వంటి వాయువులకు ఇటుక బట్టీల ప్రమాణాల్లో విడిగా పరిమితి పెట్టలేదు. ధూళికి మాత్రమే పెట్టారు. నా దృష్టిలో ఇది ఆ నిబంధనల్లోని పెద్ద లోటు. అయితే ఆ లోటును కొంతవరకు పూడ్చే నియమం అదే నోటిఫికేషన్‌లో ఉంది, మీ కేసుకు అసలు బలం అదే. ఇటుక బట్టీని నివాస ప్రాంతాల నుంచి, పండ్ల తోటల నుంచి కనీసం 800 మీటర్ల దూరంలో నెలకొల్పాలి. అప్పటికే ఉన్న మరో బట్టీకి కనీసం ఒక కిలోమీటరు దూరంలో ఉండాలి. నోటిఫికేషన్ వచ్చిన దాదాపు రెండేళ్ల తర్వాత, మీ తోటకు 350 మీటర్ల దూరంలో, పాత బట్టీకి అర కిలోమీటరు లోపు పెట్టిన బట్టీ ఈ రెండు నియమాలనూ ఉల్లంఘించినట్టే. పొగ రోజుకో రకంగా ఉంటుంది కానీ దూరం మారదు, తనిఖీ రోజున దాన్ని ఎవరూ తగ్గించి చూపలేరు.

కనుక మొదటి పని కొలతలు. మండల సర్వేయరుకు దరఖాస్తు పెట్టి, బట్టీ అంచు నుంచి మీ తోట సరిహద్దుకు ఒక కొలత, చిమ్నీ నుంచి మొదటి చెట్ల వరుసకు మరొక కొలత వేయించండి. అవతలి పక్షం తనకు అనుకూలమైనదే చెబుతుంది గనుక రెండూ మీ దగ్గర ఉండాలి. ‘బట్టీ వచ్చాకే తోట వేశారు’ అనే వాదన తప్పకుండా వస్తుంది. పహాణీ నకళ్లలో 2012 నుంచి మామిడి తోటగా నమోదై ఉంటే, ఉద్యాన శాఖ నుంచి మొక్కలకో డ్రిప్పుకో సబ్సిడీ తీసుకున్న కాగితాలు ఉంటే, ఆ వాదన అక్కడే ఆగిపోతుంది.

చిమ్నీ ఎత్తు కూడా మీకు అనుకూలమే. అదే నోటిఫికేషన్ ప్రకారం రోజుకు 30,000 ఇటుకల లోపు సామర్థ్యం ఉన్న బట్టీకి కనీసం 24 మీటర్లు, అంతకు మించితే 27 మీటర్ల చిమ్నీ ఉండాలి. అంటే సుమారు డెబ్బై తొమ్మిది, ఎనభై తొమ్మిది అడుగులు. నిలువు షాఫ్ట్ బట్టీలకు (నిలువు గూటిలో ఇటుకలను పైనుంచి కిందికి దింపుతూ కాల్చేవి) మాత్రమే కనీస ఎత్తును 14, 16 మీటర్లకు తగ్గించారు. నలభై అడుగులంటే పన్నెండు మీటర్ల పైచిలుకే. మీరు చూసి చెప్పిన లెక్క ఉజ్జాయింపుగా సరైనదైనా, ఏ రకం బట్టీ అని వాదించినా ఆ చిమ్నీ పొట్టిదే.

టైర్ల విషయంలో సందిగ్ధం ఏమీ లేదు. బట్టీల్లో సహజ వాయువు, బొగ్గు, కట్టెలు, పంట వ్యర్థాలు వంటి ఆమోదించిన ఇంధనాలే వాడాలి. పెట్‌కోక్ (చమురు శుద్ధిలో మిగిలే బొగ్గు లాంటి ఇంధనం), టైర్లు, ప్లాస్టిక్, ప్రమాదకర వ్యర్థాలు నిషిద్ధం. టైరు కాలిపోయినా దానిలోని సన్నటి ఇనుప తీగలు బూడిదలో చుట్టలుగా మిగులుతాయి. అవి కనిపించేలా, తేదీ, స్థలం నమోదయ్యే విధంగా ఫొటోలు తీయండి. అయితే బట్టీ స్థలంలోకి చొరబడి మాత్రం తీయకండి. బాట పక్కన పారబోసిన బూడిద చాలు. తీసిన ఫోన్‌ను అమ్మవద్దు, ఫొటోలను చెరపవద్దు, ఎందుకంటే కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది.

పాత బట్టీ సంగతి వేరు. దూరం నియమం ‘నెలకొల్పే’ బట్టీల గురించి చెబుతుంది కనుక, 2017లో పెట్టిన దానిపై దాన్ని వర్తింపజేయవచ్చా అన్నది వాదనకు లోబడే విషయం. మీ కేసును దాని మీద నిలబెట్టమని నేను చెప్పను. కానీ పాత బట్టీలు కూడా జిగ్‌జాగ్ పద్ధతికో, నిలువు షాఫ్ట్ పద్ధతికో, పైపు గ్యాసుకో మారి తీరాలని అదే నోటిఫికేషన్ ఆదేశించింది. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాలుగా గుర్తించిన వాటికి పది కిలోమీటర్ల లోపు ఉన్న బట్టీలకు ఏడాది, మిగతా ప్రాంతాలకు రెండేళ్లు గడువిచ్చింది. కాలుష్య మండళ్లు విడిగా గడువు పెట్టిన చోట ఆ గడువే చెల్లుతుంది. అలాంటి ఉత్తర్వేదీ లేకపోతే, మీ పాత బట్టీకి గడువు 2024 ఫిబ్రవరి 22తో ముగిసింది. జిగ్‌జాగ్ పద్ధతిలో పచ్చి ఇటుకలను వంకర దారిలో గాలి తిరిగేలా పేర్చి, బొగ్గును కొద్దికొద్దిగా, ఎడతెగకుండా వేస్తారు. గాలి బొగ్గుతో బాగా కలిసి మండుతుంది కాబట్టి మసి తగ్గుతుంది, బొగ్గూ ఆదా అవుతుంది. మారడం వల్ల చివరికి యజమానికే లాభమన్న మాట చర్చలకు కూర్చున్నప్పుడు పనికొస్తుంది.

ఇక ‘అనుమతులున్నాయి’ అన్న జవాబు. కేంద్ర నిబంధనలను సడలించే అధికారం గ్రామ పంచాయతీకి లేదు; తీర్మానం ఉండటం వల్ల 350 మీటర్లు 800 కాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిజంగా ఉందా, ఉంటే ఏ షరతులతో ఇచ్చిందన్నది చూడాలి. వాయు కాలుష్య నివారణ చట్టం, 1981 సెక్షన్ 21 ప్రకారం స్థాపనకు ఒకటి, నడపడానికి ఒకటి అనుమతులు తీసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద మండలి ప్రాంతీయ కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, ఆ రెండు అనుమతుల నకళ్లు, దరఖాస్తులో యజమాని చూపిన అక్షాంశ రేఖాంశాలు, సమీపంలోని తోటల గురించి రాసిన వివరాలు, రోజువారీ ఉత్పత్తి సామర్థ్యం, తనిఖీ నివేదికలు అడగండి. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. మీ తోటను దరఖాస్తులో చూపించకుండా దాచి ఉంటే, అనుమతిని రద్దు చేయమనడానికి అదొక్కటే తగిన కారణం. భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చుకున్నారా, మట్టి తవ్వకానికి గనుల శాఖ అనుమతి ఉందా అన్నవి తహసీల్దారు, గనుల శాఖ కార్యాలయాల నుంచి తెలుసుకోవచ్చు; అవి అదనపు బలమే తప్ప ప్రధాన విషయం కావు.

ఈ కాగితాలు చేతికి రాగానే మండలికి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. వాయు చట్టం సెక్షన్ 31-ఎ కింద బట్టీని మూసివేయమని, కరెంటు ఆపమని ఆదేశించే అధికారం మండలికి ఉంది. మండలి మౌనం వహిస్తే హైకోర్టులో రిట్ వేసి, ఫిర్యాదుపై నిర్ణయం తీసుకోమని ఆదేశం తెచ్చుకోవచ్చు. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం తెచ్చిన మార్పుల వల్ల, పర్యావరణ పరిరక్షణ చట్టం కింది నిబంధనల ఉల్లంఘనకు 2024 ఏప్రిల్ 1 నుంచి జైలు శిక్ష బదులు పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల వరకు జరిమానా విధించే విధానం వచ్చింది. దాన్ని నిర్ణయించేది కోర్టు కాదు, ప్రభుత్వం నియమించే అధికారి. ఆ జరిమానా మీ జేబులోకి రాదు. జైలు భయం పోయిందని యజమానులు నిశ్చింతగా ఉంటున్నారు కానీ, పదిహేను లక్షలన్నది చిన్న బట్టీకి తేలికైన మొత్తం కాదు.

మసి మీ తోటకే పరిమితం కాకుండా ఊరినీ కమ్ముకుంటుంటే ఆర్‌డీవోను ఆశ్రయించే దారి ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133 స్థానంలో వచ్చినది, ప్రజలందరికీ కలిగే ఇబ్బందిని తొలగించమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని ఆర్‌డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఇస్తుంది. విచారణ ముగిసేలోగా తాత్కాలికంగా ఆపించడానికి సెక్షన్ 161 ఉంది. విచారణను తొంభై రోజుల్లో, కారణాలు రాసి పొడిగిస్తే నూట ఇరవై రోజుల్లో ముగించాలని కొత్త చట్టం చెబుతోంది. ‘ప్రత్యేక కాలుష్య చట్టాలు ఉన్నాయి, మాకు అధికారం లేదు’ అని అక్కడ చెబితే, ఆ వాదనను సుప్రీంకోర్టు 2003లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం, కేడియా లెదర్ అండ్ లిక్కర్ కేసులో తోసిపుచ్చిందని మీ వకీలు చూపించవచ్చు. అయితే ఇది ప్రజా ఇబ్బందికి సంబంధించిన సెక్షన్ కనుక, ఒక్కరి తోట నష్టం మీద నిలవదు. దరఖాస్తుపై చుట్టుపక్కల ఇళ్లవారు, ఇతర రైతులు కూడా సంతకం చేయాలి.

నష్టపరిహారానికి సరైన చోటు జాతీయ హరిత ట్రైబ్యునల్. తెలంగాణ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తుంది. ట్రైబ్యునల్ పరిధిలోని వివాదాలను సివిల్ కోర్టు విచారించకూడదని 2010 చట్టం సెక్షన్ 29 చెబుతున్నందున, ఊళ్లోని కోర్టులో దావా వేసి ఏళ్లు పోగొట్టుకోవద్దు. పరిహారం కోరదగిన అంశాల జాబితాలో పంటలు, చెట్లు, తోటలకు కలిగే నష్టం స్పష్టంగా ఉంది. కోర్టు ఫీజు కోరిన మొత్తంలో ఒక శాతం, కనీసం వెయ్యి రూపాయలు.

ఇక్కడ కష్టమైన భాగం, కాయల నలుపుకు బట్టీయే కారణమని చూపించడం. కాయ చివర నల్లబడే ఈ లక్షణాన్ని శాస్త్రవేత్తలు బ్లాక్ టిప్ అంటారు. దీన్ని ఇటుక బట్టీల వాయువులతో ముడిపెట్టిన పరిశోధన ఉత్తరాది మామిడి ప్రాంతాల్లో చాలాకాలంగా ఉంది. కానీ మచ్చ తెగులు వల్ల కూడా కాయలు నల్లబడతాయి, అవతలి వకీలు మొదట వేసే ప్రశ్న అదే. కాయలు చెట్టు మీద ఉండగానే ఉద్యాన అధికారిని గానీ, పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను గానీ పిలిపించి, బట్టీ వైపు వరుసల్లో ఎంత, దూరపు వరుసల్లో ఎంత దెబ్బతిన్నదో విడివిడిగా రాయించి నివేదిక తీసుకోండి. వారు బోరాక్స్ పిచికారీ వంటిది సూచిస్తే చేయించి బిల్లులు దాచండి; నష్టం తగ్గించుకునే ప్రయత్నం మీరు చేశారని అవి చెబుతాయి. చల్‌గల్ మార్కెట్‌లో 2023కు ముందు మూడు నాలుగేళ్ల తక్‌పట్టీలు (అమ్మకం రసీదులు), ఆ తర్వాతివి పక్కపక్కన పెడితే నష్టం ఎంతో లెక్క తేలుతుంది. అమ్మగారి ఆయాసానికి ఆసుపత్రి కాగితాలు జత చేయండి గానీ, దాన్ని ప్రధాన ఆధారం చేసుకోవద్దు. వయసు, ఇతర జబ్బులు అడ్డు వస్తాయి.

పిటిషన్‌లో ఒక విన్నపం చేర్చమని నేను ప్రత్యేకంగా అడుగుతున్నాను. మన బట్టీల్లో పనిచేసేవారిలో చాలామంది ఒడిశా నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చిన కుటుంబాలే. బట్టీ పక్కనే గుడిసెల్లో ఉంటూ ఈ పొగను అందరికంటే ముందు పీల్చేది వారే. సీజను మధ్యలో మూసివేత ఉత్తర్వు వస్తే కూలి ఎగ్గొట్టడం తేలిక కనుక, వారి బకాయిలు చెల్లించాకే మూయాలన్న షరతును మీరే కోరండి.

చివరగా గడువులు. ట్రైబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద సాధారణ దరఖాస్తుకు వివాద కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలే గడువు, తగిన కారణం చూపితే మరో అరవై రోజులు. కొత్త బట్టీ 2023 డిసెంబరులో మొదలైంది కనుక ఆ గడువు దాటిపోయింది. ప్రతి సీజనుకూ కొత్త కారణం పుడుతుందన్న వాదన ఉన్నా దాని మీద ఆధారపడటం ప్రమాదకరం. పరిహారం, పునరుద్ధరణ కోరే సెక్షన్ 15 కింద మాత్రం ఐదేళ్ల వ్యవధి ఉంది. అంటే 2028 డిసెంబరు లోపు దాఖలు చేయాలి. మూసివేత కోసం మండలిని, హైకోర్టును, పరిహారం కోసం సెక్షన్ 15ను ఆశ్రయించడమే మీ పరిస్థితికి తగిన పద్ధతి. బట్టీలకు నిప్పు పెట్టేది వర్షాలు పూర్తిగా తగ్గాక, తోట పూతకొచ్చే రోజులకు కాస్త ముందు. సమాచార హక్కు దరఖాస్తు, సర్వేయరు కొలతలు దసరా లోపు పూర్తి చేసుకోగలిగితే, నిప్పు పడేనాటికి మీ ఫిర్యాదు మండలి బల్ల మీద ఉంటుంది.