ఉంగరం చేయించుకుంటే ఎదురుగా కూర్చుని చేయించుకోండి

"మగవాళ్ళు తమ కోసం ఉంగరం షోరూములో కొనుక్కోవడం మంచిదా, చేయించుకోవడం మంచిదా?" అని అడిగారు. చేయించుకోవడమే. ఇందులో రెండో మాట లేదు. ఆర్డరిచ్చి ఇంటికి వెళ్ళిపోయేవారు మాత్రం షోరూములోనే కొనుక్కోండి, రెండింటికీ పెద్ద తేడా ఉండదు.

అసలు మన మగవాడి ఒంటిమీద బంగారం ఎక్కడినుంచి వస్తుందో గమనించారా? పసితనంలో అమ్మమ్మ కట్టిన మొలతాడు, పెళ్ళిలో మామగారి ఉంగరం, నలభై దాటాక జ్యోతిష్కుడు పెట్టుకోమన్న పగడమో పుష్యరాగమో. మధ్యలో ఎవరైనా "నీకేం కావాలిరా?" అని అడిగారా? పెద్దన గారి కాలికి రాయలవారే గండపెండేరం తొడిగారని తరగతిలో చెప్పి పిల్లల చేత చప్పట్లు కొట్టించిన తెలుగు మాస్టారిని నేను. అదే నేను రిటైరయ్యాక ఒక ఉంగరం చేయించుకుంటానంటే, "ఈ వయసులో షోకులేమిటి" అన్నారు బంధువులు.

ముందు షోరూముకే వెళ్ళాను, అబద్ధమెందుకు. మూడంతస్తుల్లో ఆడవాళ్ళ నగలు, మగవాళ్ళకు మెట్ల పక్కన ఒక ట్రే. అందులో సింహాలు, ఓంకారాలు, గుర్రపు నాడాలు. మా ఇంటిపేరు మొదటి అక్షరం 'ప' చెక్కిన ఉంగరం కావాలన్నాను. ఆ అబ్బాయి ఇంగ్లీషు అక్షరాల వరుస తీసి చూపించాడు. తెలుగు అక్షరమయ్యా అంటే లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చి, "మా దగ్గర డై లేదు సార్" అన్నాడు. తెనాలి నడిబొడ్డున! పైగా మిషన్లో గుద్దిన ఉంగరానికి కూడా తరుగు వేస్తున్నారు. మిషన్లో ఏం తరిగిందో చూపించమంటే నవ్వి ఊరుకున్నాడు.

అప్పుడు మా వీధి చివరి ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను. కంసాలి తల్లి బంగారంలోనూ కొంత తీస్తాడని మనవాళ్ళు ఒక సామెత చెబుతారు. నాకు ఒళ్ళు మండే సామెతల్లో అది మొదటిది. ఎదురుగా కూర్చోబెట్టుకుని ముందు తూకం, చివరి తూకం, మిగిలిన ముక్కలు, ఆకురాయి రజనుతో సహా చూపించిన మనిషిని నేను ఆ కొట్లోనే చూశాను. బిల్లులో శాతం వేసి పట్టుకుపోయేవాళ్ళ మీద మాత్రం ఒక్క సామెతా పుట్టలేదు.

కొత్త బంగారం పూర్తిగా కొనే స్తోమత లేదు. మామగారి ఉంగరం బీరువాలో ఉంది. కరిగిస్తానంటే మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, "రాయి మాత్రం నాకు తెచ్చివ్వండి" అంది. ఆచారి గారు రాయి ఊడదీసి కిటికీ వెలుతురులో చూసి, "మాస్టారూ, ఇది కెంపు కాదు, గాజు" అన్నారు. ఇంట్లో ఎలా చెప్పాలా అని దారంతా మథనపడ్డాను. తీరా చెబితే, "తెలుసు. మన పెళ్ళికి ముందే నాన్న అమ్మతో అన్నారు. ముప్పై ఆరేళ్ళుగా మీరే కెంపు కెంపు అంటుంటే ఎందుకులే అని ఊరుకున్నాను" అంది.

రాయి పోగా ఐదు గ్రాములు. గీటురాయి మీద గీసి చూసి 21 క్యారెట్ల దగ్గర ఉందన్నారు. నాకు కావలసింది 22. కాసు, అంటే 8 గ్రాముల బంగారం 22 క్యారెట్లకు రావాలంటే అందులో సుమారు 7.33 గ్రాములు మేలిమి, అంటే 24 క్యారెట్ల బంగారం ఉండాలి. కాగితం మీద లెక్కవేసి, మూడు గ్రాముల మేలిమి కలిపితే సరిపోతుందన్నారు. మూసలో వేసి, వెలిగారం చల్లి కరిగించారు. కుంపటీ ఊదుగొట్టమూ మూలన పడి ఉన్నాయి, ఇప్పుడంతా గ్యాసు మంటే. బంగారం కరిగి గుండ్రంగా తిరుగుతుంటే చూడాలి. కోడిగుడ్డు సొన కదిలినట్టు కదులుతుంది.

వేలి కొలత ఒక్కసారే ఇచ్చి రాకండి. నాది ఉదయం తీశారు, మళ్ళీ సాయంత్రం రమ్మన్నారు. ఎండకు, పనికి వేళ్ళు ఉబ్బుతాయి. నా వేలికి కణుపు లావు, మొదలు సన్నం. కణుపు దాటేటట్టు చేస్తే కింద గిరగిర తిరుగుతుంది. ఆయన వెనుక పట్టీ కాస్త చదునుగా కొట్టి ఆ తిరుగుడు ఆపారు. అది ఏ కేటలాగులోనూ లేదు.

అన్నీ అయ్యాక, ఉంగరం మొహం మీద తెల్లరంగు పూసి, పెన్సిలు పట్టుకుని అడిగారు.

"అక్షరం నేరుగా చెక్కమంటారా, తిరగేసి చెక్కమంటారా?"

"తిరగేయడమేమిటి ఆచారి గారూ?"

"చూసుకోవడానికైతే నేరుగా. ముద్ర వేయడానికైతే తిరగేసి. ముద్రుటుంగరం అన్నారుగా మీరు."

నాకు వెంటనే జవాబు రాలేదు. మా నాన్న ఇదే ఊళ్ళో ప్రెస్సులో కంపోజిటరు, అంటే అచ్చు అక్షరాలు పేర్చే పని. ముప్పై ఏళ్ళు సీసం అచ్చుల ముందు నిలబడి, తిరగబడ్డ తెలుగును మనం పేపరు చదివినంత సులువుగా చదివేవారు. బడికి సెలవులిస్తే అన్నం కారియరు తీసుకెళ్ళి పక్కన నిలబడేవాణ్ణి. నేను నేరుగా అక్షరాలు నేర్చుకునేసరికే తిరగబడ్డవి సగం వచ్చేశాయి. ఆయన వేలికి ఎప్పుడూ ఉంగరం లేదు, గోళ్ళ సందుల్లో సిరా ఉండేది.

తిరగేసే చెక్కమన్నాను.

పెన్సిలుతో గీశారు. తలకట్టు అక్షరానికి అంటించేశారు. "ప తలకట్టు ఒంటికి అంటకూడదండీ" అన్నాను. బొటనవేలితో తుడిచి మళ్ళీ గీశారు, మళ్ళీ అంటింది. మూడోసారి పెన్సిలు నాకే ఇచ్చి, "మీరే గీయండి మాస్టారూ" అన్నారు. కాస్త విసుగ్గానే అన్నారు. గీశాను. ఉంగరాన్ని లక్కలో బిగించి, సన్నటి ఉలితో గంటన్నరసేపు తొలిచారు. చివర మరో లక్క ముక్క వేడిచేసి ఉంగరం మొహం దానిమీద నొక్కి తీశారు. 'ప' నేరుగా వచ్చింది, తలకట్టు విడిగా. ఆయన టీ చెప్పడానికి బయటికి వెళ్ళారు. కాసేపటిదాకా రాలేదు, మంచిపని చేశారు.

మీకు పనికొచ్చే సంగతి ఒకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు, అంటే స్వచ్ఛత ముద్ర ఉన్న నగల మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు సంకేతం, హెచ్‌యూఐడీ, ఉండాలి. 40 లక్షల లోపు టర్నోవరు ఉన్న చిన్న కొట్లకు ఆ నిర్బంధం లేదు, అందుకే వాళ్ళ పనిమీద ముద్ర కనబడదు. అనుమానముంటే మీరే హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకెళ్ళి పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు. నేను చేయించాను, 22 క్యారెట్లకు ఉండాల్సిన 916 (వెయ్యి పాళ్ళలో మేలిమి) దాటింది. ఆ కాగితం ఆచారి గారికి చూపిస్తే చదవకుండానే మడిచి ఇచ్చేశారు. ఎందుకు చూపించానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఉంగరం చూసినవాళ్ళు నూటికి తొంభైమంది, "మాస్టారూ, మిమ్మల్ని మోసం చేశారు, అక్షరం తిరగబడింది" అంటారు. మొదట్లో కథంతా చెప్పేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. మా మనవరాలు ఒక్కతే దాన్ని సరిగ్గా వాడుతోంది. సాయంత్రం చపాతీ ఉండల మీద వరసగా గుద్దుతుంది. కాలినా ఆ 'ప' లీలగా కనబడుతూనే ఉంటుంది. ఆ గుద్దినవన్నీ నా కంచంలోకే వస్తాయి.