మంత్రసాని ప్రమాణం చదివేటప్పుడు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నకలు రెండుసార్లు చదివాను. 1567లో ఇంగ్లండులో ఎలియనార్ పీడ్ అనే మంత్రసాని, పురుళ్ళు పోయడానికి అక్కడి చర్చి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అనుమతి పొందేటప్పుడు చేసిన ప్రమాణం అది. ‘ఆనాటి మంత్రసానులు క్షుద్రవిద్యలు చేసేవారు, బిడ్డలను మార్చేసేవారు, అందుకే ఈ ప్రమాణం’ అని నీ వ్యాసం మొదట్లో రాశావు. ఆ వాక్యం తీసెయ్యి తల్లీ.

‘చేయను’ అనే ప్రతి మాటలోనూ ప్రమాణం చేయించుకునేవారి భయం ఉంటుంది. చేసేవారు ఆ తప్పు చేశారని దానికి అర్థం కాదు. మన శాసనాల చివర, ధర్మం చెడగొట్టినవారు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారని ఉంటుంది. అది చూసి ఆ ఊళ్ళో గోవులను చంపేవారని ఎవరూ రాయరు కదా! దానమిచ్చిన భూమి పరుల పాలవుతుందన్న బెంగ మాత్రం అందులో తెలుస్తుంది.

కాబట్టి ఒక్కొక్క మాట దగ్గర ఆగి, ఇక్కడ ఎవరికి భయం అని అడుగు. పురిటినొప్పులు పడుతున్న స్త్రీ చేత అసలు తండ్రి పేరు తప్ప మరో పేరు చెప్పనివ్వనని ఎలియనార్ అంటోంది. తండ్రి తేలకపోతే బిడ్డ పోషణ ఊరి మీద పడుతుంది. 1576లో వచ్చిన చట్టం ఆ భారాన్ని తల్లిదండ్రుల మీదే పెట్టింది. చట్టానికి తొమ్మిదేళ్ళ ముందే ఆ బెంగ పురిటి గదిలోకి వచ్చేసిందన్నమాట.

నన్ను పట్టి నిలిపింది నీళ్ళ మాట. బిడ్డ ప్రాణం నిలవదనిపిస్తే శుభ్రమైన మామూలు నీళ్ళతోనే బాప్తిస్మం ఇస్తాను, పన్నీరు వాడను, ఏదీ కలిపిన నీళ్ళు వాడను అని ఒట్టు. ఎందుకంత పట్టింపు? పాదిరి వచ్చేలోగా ఊపిరి ఆగిపోయేలా ఉన్న బిడ్డకు దిక్కు ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళే. ఆ కాసేపు పాదిరి చేయాల్సిన పని మంత్రసాని చేతిలో ఉంటుంది. నీళ్ళు తప్పినా మాటలు తప్పినా ఆ బిడ్డ గతి ఏమవుతుందోనని మతపెద్దలకు గుబులు. 1604లో ఇంగ్లండు చర్చి ప్రార్థన పుస్తకాన్ని సవరించి, బాప్తిస్మం ఇచ్చే ఈ పని అధికారం ఉన్న పాదిరే చేయాలన్నారు. ఆ ఏడాదికి ముందువీ తరువాతవీ ప్రమాణాలు దొరికితే పక్కపక్కన పెట్టి చూడు. నీ వ్యాసానికి అసలు బలం అక్కడుంది.

ఆమె మంత్రాలు వేయనని కూడా ఒట్టు పెట్టుకుంది. మన ‘మంత్రసాని’ మాటలోనేమో మంత్రం ఉండనే ఉంది. తెలుగులో రాసేటప్పుడు ఆ మాట వాడు, కానీ ఈ తేడా ఒక వాక్యంలో చెప్పు.

నకలు తీసేటప్పుడు ఒక్క అక్షరం కూడా వదలకు. వయసులో ఉన్నప్పుడు నేనొక గుడి ముందు శాసనం రాసుకుంటూ, చివరి నాలుగు పంక్తులూ మామూలు శాపాలే కదా అని వదిలేశాను. తరువాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాయి పోయింది. ఆ నాలుగు పంక్తుల్లో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ దారిన వెళితే మనసు చివుక్కుమంటుంది.

ప్రమాణం ఒక్కటే చదివి ఊరుకోకు. అనుమతి లేకుండా పురుళ్ళు పోశారని చర్చి కోర్టులకు వెళ్ళిన ఫిర్యాదులు వెతుకు. ఎవరు ఫిర్యాదు చేశారు, ఆ మంత్రసాని తరఫున ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఎవరైనా మాట్లాడారా అన్నది రాసుకో. పేదవారికైనా ధనికులకైనా సాయం చేయడానికి సిద్ధంగా ఉంటానని ఎలియనార్ మొట్టమొదట చెప్పిన మాటను నువ్వు సగం వాక్యంలో దాటేశావు. అన్ని భయాల కంటే ముందు వచ్చిన మాట అది. దానికొక పేరా ఇవ్వు.

పన్నీరు ప్రస్తావన ఉన్న పుటను ఫోటో తీయనిస్తే పంపు. నా కళ్ళకు ఆనేలా కాస్త పెద్దదిగా తియ్యి.

తాతయ్య