నాన్నగారి ఫార్వర్డులు, బాబాయితో మాటల్లేని నాలుగు నెలలు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్ళు. ఉద్యోగ విరమణ తరువాత రోజంతా రాజకీయ పోస్టులు చదువుతూ, వచ్చినవి వచ్చినట్టే కుటుంబ గ్రూపులో పెడుతున్నారు. వాటిలో ఒకటి అబద్ధమని బాబాయి అందరి ముందు రుజువు చేశారు. అప్పటినుంచి నాలుగు నెలలుగా అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. నేను సరిదిద్దబోతే ‘నాకు నువ్వు నేర్పుతావా?’ అంటున్నారు. ఒక కూతురిగా నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి ‘అందరి ముందు’ అన్న రెండు మాటలు. మీ బాబాయిగారు చెప్పింది నిజమే కావచ్చు. కానీ తమ్ముడు పదిమందిలో తన తప్పు ఎత్తిచూపినప్పుడు, ఏ అన్నకైనా ఆ పోస్టులోని నిజానిజాల కంటే తన పరువే పెద్ద విషయమవుతుంది. నాన్నగారికి వయసు మీద పడి తెలివి తగ్గిందని మాత్రం అనుకోకండి. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన సుమారు 1,26,000 వార్తలను పరిశీలించి, 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ఒక అధ్యయనం, నిజమైన వార్తల కంటే అబద్ధపు వార్తలను జనం మళ్ళీ పంచే అవకాశం 70 శాతం ఎక్కువని, అందుకు ప్రధాన కారణం యంత్రాలు నడిపే ఖాతాలు కాదు, మనుషులేనని తేల్చింది. ఆ మనుషుల్లో మీరూ నేనూ కూడా ఉంటాం.

ఇటువంటి పోస్టులు ముందుగా కోపాన్నో భయాన్నో రేపి, ఆ వేడి చల్లారకముందే మన చేత పంపించేస్తాయి. ‘తొలగించేలోగా అందరికీ పంపండి’, ‘పత్రికలు దాచిన నిజం’ అనే మాటలు అందుకే ఉంటాయి. మొదటిది ఆలోచించే వ్యవధి లేకుండా చేస్తే, రెండవది సరిచూసుకునే దారినే ముందుగా మూసివేస్తుంది. ఎక్కడిదో పాత ఫోటోకు నేటి సంఘటన పేరు తగిలించడం, ప్రసంగంలో ముందు వెనుకల మాటలు కత్తిరించి నడిమి వాక్యాన్ని మాత్రమే వినిపించడం, నాయకుడి బొమ్మ పక్కన ఆయన అనని మాట అచ్చువేయడం చాలామందికి తెలిసిన ఎత్తులే. అంతకంటే పట్టుకోవడం కష్టమైనది, అబద్ధమేమీ లేకుండా చేసే మోసం. నేరాలు రెట్టింపయ్యాయని రాసినవారు, రెండు నాలుగయ్యాయా, రెండు వేలు నాలుగు వేలయ్యాయా అన్నది చెప్పరు. ఒకడు చేసిన తప్పును నిజంగానే చూపించి, ‘వీళ్ళంతా ఇంతే’ అన్న ఒక్క ముక్కతో వాడి వర్గం మొత్తానికి అంటగడతారు. నా దృష్టిలో అన్నిటికంటే హానికరమైనది ఇదే, ఎందుకంటే సరిచూసినా అందులోని సంఘటన నిజమేనని తేలుతుంది, దాంతో ద్వేషం కూడా న్యాయమేననిపిస్తుంది.

మీరు నాన్నగారి పోస్టులతో కాకుండా, మీకు నచ్చిన పక్షం వారి తప్పుడు పోస్టుతో మొదలుపెట్టండి. వెతికితే తప్పకుండా దొరుకుతుంది. దొరకలేదంటే ఇంకొంచెం నిజాయితీగా వెతకాలి. ఇద్దరే ఉన్నప్పుడు, ‘నాన్నా, ఇది చూసి నాకు ఒళ్ళు మండింది, పంపబోయి ఆగాను, తీరా చూస్తే ఫోటో పాతది’ అని చెప్పి, ఆ ఫోటో మొదట ఎక్కడ వచ్చిందో గూగుల్ లెన్స్‌తో ఎలా వెతికారో చూపించండి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు కనిపిస్తే ఆ సందేశం కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థమని, అంతమాత్రాన అది అబద్ధం కాకపోయినా, మొదట రాసినవారెవరో పంపినవారికి కూడా తెలియకపోవచ్చని వివరించండి. తరువాత ఎప్పుడైనా ఆయన ఒక పోస్టు చూపిస్తే, నిజమా కాదా అన్న వాదనలోకి దిగకుండా, ‘ఇది చదివి మనం ఏం చేయాలని వాళ్ళు కోరుకుంటున్నారంటారు?’ అని అడగండి. జవాబు కోసం ఒత్తిడి చేయవద్దు.

ఆయన ఏ పార్టీని అభిమానిస్తారన్నది ఈ సంభాషణలోకి రానివ్వకండి. తప్పుడు పోస్టులన్నీ పక్కన పెట్టిన తరువాత కూడా ఆయన అభిప్రాయం మారకపోవచ్చు, దానికి తగిన కారణాలూ ఉండవచ్చు, అది ఆయన హక్కు. అదేవిధంగా, ఖండించడానికని ఆ అబద్ధాన్ని గ్రూపులో మళ్ళీ పెట్టవద్దు. పదేపదే విన్న మాట నిజమనిపిస్తుందని 1977 నుంచి ప్రయోగాలు చెబుతూనే ఉన్నాయి. చెప్పక తప్పకపోతే అసలు జరిగినదేమిటో దానినే ముందుగా, సూటిగా రాయండి.

ఇక బాబాయిగారితో మీరే విడిగా మాట్లాడండి. ఆయన తన మాటను వెనక్కి తీసుకోనవసరం లేదు, ‘అన్నయ్యా, అది గ్రూపులో కాకుండా నీకు ఫోన్ చేసి చెప్పవలసింది’ అంటే చాలు. ఆ కాల్ రాజకీయం కోసం కాకుండా, ఆరోగ్యం ఎలా ఉందని అడగడానికే చేయమనండి. నాన్నగారు మొదటిసారి ఎత్తకపోయినా, నాలుగు రోజులాగి మళ్ళీ చేయమనండి.